చెకుముకిరాతి కొండలలో నియమిత దహనము

రైతునకు నిప్పనిన భయము. గడ్డివామి చెంత చుట్ట వెలిగించినవానిని ఊరంతయు మందలించును. కళ్లము వేసినది మొదలు ధాన్యము గాదె చేరువఱకు ఇంటిలోని పెద్దలు నిప్పు విషయమున పిల్లలను హెచ్చరించుచునే యుందురు. అట్టి రైతులే తమ పశువుల మేతబీళ్లకు తమ చేతులతో నిప్పుపెట్టి, ఈ నిప్పే మా జీవనాధారమని చెప్పు ప్రాంత మొకటి కలదు. అది అమెరికా సంయుక్తరాష్ట్రముల నడిమిభాగమున, కాన్సాస్ రాష్ట్రపు తూర్పువైపున ఉత్తర దక్షిణములుగా సాగి, ఓక్లహోమా రాష్ట్రములోనికి చొచ్చిన కొండసీమ. దానికి ఫ్లింట్ హిల్స్ అని పేరు; అనగా చెకుముకిరాతి కొండలు.

అచ్చటి రైతులు ఏల నిప్పు పెట్టుదురు, ఎట్టి నియమములతో పెట్టుదురు, ఒంటరిగా గాక పదిమంది కూడి యేల పెట్టుదురు అను విషయములు సహకార సంఘ సభ్యులమగు మనకు తెలిసికొనదగినవి. వారిని చూచి మనమును బీళ్లకు నిప్పు పెట్టవలెనని ఈ వ్యాసముయొక్క అభిప్రాయము కాదు. ఏ మొక్కకు నిప్పు శత్రువో, ఏ మొక్కకు నిప్పే మిత్రమో తెలియక చేసిన పని యెట్లు బెడిసికొట్టునో కూడ ఇందు చెప్పబడును.

నాగలి దిగని నేల

పూర్వము ఉత్తర అమెరికా మధ్యభాగమున నిలువెత్తు గడ్డి పెరుగు బీళ్లు సుమారు 17 కోట్ల ఎకరములు ఉండెను. 1837వ సంవత్సరమున జాన్ డీర్ అను కమ్మరి ఉక్కునాగలిని తయారుచేసెను. 1862వ సంవత్సరపు చట్టము క్రొత్తగా కాపురము వచ్చినవారికి ఒక్కొక్క కుటుంబమునకు 160 ఎకరముల చొప్పున భూమి నొసగెను. ఒక తరము గడచునప్పటికి ఆ బీళ్లలో అధికభాగము మొక్కజొన్న, గోధుమ చేలుగా మారిపోయెను. నేడు మిగిలినది నూటికి నాలుగు పాళ్లకంటె తక్కువ. ఆ మిగిలినదానిలోను పెద్దభాగము చెకుముకిరాతి కొండలలోనే యున్నది. అచ్చటి మన్ను పలుచన. దాని క్రింద సున్నపురాయి, అందు చెకుముకిరాళ్లు. నాగలి దిగకపోవుటచే ఆ నేల బీడుగా మిగిలి, పశువుల మేతకు ప్రసిద్ధి కెక్కినది.

ఆ బీళ్లలో పెరుగు గడ్డిజాతులలో బ్లూస్టెమ్ అనునది ముఖ్యమైనది. పెద్ద బ్లూస్టెమ్ మనుష్యుని యెత్తు పెరుగును. దాని వేళ్లు ఆఱేడడుగులకు మించిన లోతునకు దిగును. శీతకాలమున పైగడ్డి యెండిపోవును. వసంతమున మరల చిగురించు మొలక నేలమట్టమునను, నేల లోపలను దాగియుండును. కనుక ఎండుగడ్డి కాలిపోయినను మొక్క చావదు. చెట్లకును పొదలకును సంగతి వేఱు. వాని చిగుళ్లు కొమ్మల చివరలనుండును. మంటకు మొదట తగులునవి అవియే. ఈ యొక్క భేదముపైననే నియమిత దహన విద్య యంతయు ఆధారపడియున్నది.

తెల్లవారు వచ్చుటకు పూర్వము ఓసేజ్, కా మొదలగు ఆదిమజాతులవారు ఆ బీళ్లను కాల్చుచుండిరి. కాలినచోట లేతపచ్చిక వచ్చును, దానిని మేయుటకు బైసన్ అను అడవి యెద్దుల మందలు చేరును, వేట సులభమగును. పిడుగుపాటువలనను మంటలు పుట్టుచుండెను. పిదప వచ్చిన పశువుల కాపరులు ఈ వాడుకను విడువలేదు. మార్చి చివరను, ఏప్రిల్ నెలలోను వారు బీళ్లకు నిప్పు పెట్టుదురు. పాతగడ్డి మఱుగు పోవుటచేత ఎండ నేలకు తగులును, నల్లనైన నేల త్వరగా వేడెక్కును, కొలదిదినములలో చిగురు వచ్చును. వసంతము చివర కాల్చిన బీటిలో మేసిన కోడెలు కాల్చని బీటిలో మేసినవానికంటె అధికముగా బరువు పెరుగునని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు దీర్ఘకాల పరీక్షలవలన తెలిసికొనిరి.

ఎఱ్ఱ సీడరు వ్యాప్తి

నిప్పు మానిన బీళ్లకు ఏ గతి పట్టినదో చూతము. ఎఱ్ఱ సీడరు అనునది ఆ దేశపు చెట్టే. పూర్వము మంట చేరలేని కొండచరియలలోను, వాగుల గట్లలోను మాత్రమే యుండెడిది. కాపురములు పెరిగి, ఇండ్లకును కంచెలకును హాని కలుగునని జనులు మంటల నార్పుట మొదలుపెట్టిన పిమ్మట ఆ చెట్టు బీళ్లలోనికి దిగెను. అంతలో ధూళితుపానులు వచ్చినవి. గాలి నడ్డగించుటకై ప్రభుత్వమువారు 1934 మొదలు 1942 వఱకు ఉత్తర డకోటానుండి టెక్సాస్ వఱకు 18,600 మైళ్ల పొడవున సుమారు 22 కోట్ల మొక్కలు నాటించిరి. నాటిన జాతులలో ఎఱ్ఱ సీడరుకూడ నొకటి. పని మంచియుద్దేశముతో చేసినదే. అయినను దాని పండ్లను పక్షులు తిని విత్తనములను దూరదూరములకు చేర్చినవి. ఆర్పెడువారుండి కాల్చెడువారు లేనిచోట ఆ విత్తనములకు అడ్డు లేకపోయినది.

మన్‌హటన్ అను పట్టణముచెంత కోంజా ప్రెయిరీ అను పరిశోధనక్షేత్రము 1971వ సంవత్సరమున స్థాపింపబడినది. దాని విస్తీర్ణము సుమారు 8,600 ఎకరములు. ఆ క్షేత్రమును భాగములుగా విడదీసి, కొన్నిటిని ప్రతిసంవత్సరము, కొన్నిటిని రెండేండ్ల కొకమాఱు, కొన్నిటిని నాలుగేండ్ల కొకమాఱు, కొన్నిటిని ఇరువదియేండ్ల కొకమాఱు కాల్చుచు ఫలితములు చూచుచున్నారు. నిప్పు తగులని బీడు సుమారు నలువదియేండ్లలో దట్టమైన సీడరు అడవిగా మారగలదని ఆ ప్రాంతపు పరిశోధనలు తేల్చినవి. ఆ చెట్ల నీడలో గడ్డి పెరుగదు. పశువునకు మేత దొరకదు. అంతేకాదు. సీడరు ఆకులలో నూనె కలదు. ఎండకాలమున దావానలము వచ్చినప్పుడు ఆ చెట్లు భగ్గుమని మండి, నిప్పురవ్వలను దూరముగా విసరును. చిన్నమంటను మానినవారికి పెద్దమంట దాపురించినట్లయినది.

ఈ చెట్టునకు ఒక బలహీనత యున్నది. కాలినను, మొదట నరికినను మరల చిగుర్చదు. మూడునాలుగడుగుల లోపు మొక్కను గడ్డిమంటయే చంపివేయును. పెరిగి పెద్దదైనచో క్రింద గడ్డి యుండదు గనుక మంట దానిని తాకలేదు. అప్పుడు యంత్రములు తెచ్చి, కూలియిచ్చి ఒక్కొక్క చెట్టును నరికింపవలెను. సంఘములో అప్పు తీసికొన్నవారికి ఈ సంగతి చెప్పనక్కఱలేదు: వాయిదాకు చెల్లించినది భారముగా తోచదు, వడ్డీ పెరిగిన పిమ్మట అసలు తీర్చుటకు పొలము అమ్మవలసివచ్చును.

నిప్పుపెట్టు పద్ధతి

నియమిత దహనమనగా అగ్గిపుల్ల గీసి బీటిలో విసరివచ్చుట కాదు. ముందుగా కాగితముపై పథకము వ్రాయుదురు. ఏ భాగము కాల్చవలెను, ఎందుకొఱకు, సరిహద్దు లెవ్వి, గాలి ఏ దిక్కునుండి వీచినప్పుడు కాల్చవలెను, ఎవరెవరు ఎచ్చటెచ్చట నిలువవలెను, మంట తప్పినచో ఎచ్చట నాపవలెను అనునవన్నియు అందుండును. చుట్టును గడ్డి కోసియో, నేల దున్నియో, నీటితో తడిపియో నిప్పుబాట యేర్పఱతురు. ఇరుగుపొరుగువారికిని, అగ్నిమాపకదళమువారికిని ముందుగా తెలియజేయుదురు.

వాతావరణము కుదురవలెను. గాలివేగము గంటకు 5 మొదలు 15 మైళ్లు, గాలిలోని తేమ నూటికి 40 మొదలు 70 వంతులు, వేడిమి ఫారెన్‌హీట్ మానమున 55 మొదలు 80 డిగ్రీలు ఉండుట సామాన్యముగా అనుకూలమని అచ్చటి నిపుణులు చెప్పుదురు. గాలి బొత్తిగా లేనిదినము క్షేమమని తోచును గాని అది భ్రమ. నిలుకడగల గాలి మంటను ఒక దిక్కుననే నడిపించును. గాలి లేనిదినమున అది ఏ క్షణమున ఏ దిక్కునకు మరలునో చెప్పలేము.

మొదట గాలి పోవు దిక్కున, నిప్పుబాట నానుకొని లోపలివైపు అంటింతురు. ఆ మంట గాలికి ఎదురుగా, మెల్లగా వెనుకకు నడచును. దాని వెనుక నల్లని పట్టీ వెడల్పగును. ఆ పట్టీ చాలినంత వెడల్పైన తరువాత రెండు ప్రక్కల నంటింతురు. కట్టకడపట గాలి వచ్చు దిక్కున అంటింతురు. ఆ మంట వేగముగా పరుగెత్తి, ముందుగా కాలిన నల్లని నేలను చేరి, తినుటకేమియు లేక ఆరిపోవును. నీటితొట్లు మోయు బండ్లతో మనుష్యులు చుట్టును కాచుచుందురు. మంట ఆరినంతమాత్రమున ఇండ్లకు పోరాదు. దుంగలు, పేడకుప్పలు, మొద్దులు లోలోపల రగులుచుండును. వానిని వెదకి నీరుపోసి చల్లార్చవలెను.

ఈ చివరిపని యెంత ముఖ్యమో 2022వ సంవత్సరమున న్యూమెక్సికో రాష్ట్రమున తెలిసినది. అచ్చట అమెరికా అటవీశాఖవారు ఏప్రిల్ 6వ తేదీన పెట్టిన నియమిత దహనము కట్టు తప్పినది. అదే ప్రాంతమున జనవరి నెలలో కాల్చిన కట్టెకుప్పలలోని నిప్పు మంచు కురిసినను చావక, నెలల తరబడి దాగియుండి, ఏప్రిల్ గాలులకు మరల లేచినది. రెండు మంటలు కలిసి 3,41,000 ఎకరములకు పైగా దహించినవి. వందలకొలది ఇండ్లు పోయినవి. ఆ రాష్ట్రచరిత్రలో అంతటి దావానలము అంతకుముందు లేదు. అటవీశాఖవారు తొంబదిదినములపాటు దేశమంతట నియమిత దహనములను నిలిపి, తమ పద్ధతులను విమర్శించుకొనవలసివచ్చెను. శాస్త్రము తెలిసినవారికే ఇట్లు జరిగినప్పుడు తెలియనివారి సంగతి చెప్పవలసినదేమున్నది!

పదిమంది పని

ఈ భయముచేతనే అనేకులు బీడు చెట్ల పాలగుచున్నను నిప్పు పెట్టుటకు జంకిరి. ఒక కుటుంబములో ఇద్దఱో ముగ్గురో యుందురు. నీటిబండ్లు, పరికరములు కొనుటకు సొమ్ము చాలదు. మంట ప్రక్కవాని కంచె దాటినచో నష్టపరిహారము ఇచ్చుకొనవలెను. ఈ చిక్కునకు వారు కనిపెట్టిన యుపాయము మన సంఘముల వంటిదే. ఇరుగుపొరుగు భూస్వాములు కూడి దహనసంఘములు స్థాపించుకొనిరి. టెక్సాస్ రాష్ట్రమున ఎడ్వర్డ్స్ పీఠభూమి దహనసంఘము 1997వ సంవత్సరమున ఏర్పడినది. ఓక్లహోమా, నెబ్రాస్కా, కాన్సాస్ మొదలగు రాష్ట్రములలోను అట్టివి వెలసినవి.

ఈ సంఘముల పద్ధతి సులభముగా తెలియును. పరికరములు ఉమ్మడిగా నుండును. సభ్యులు కలిసి శిక్షణ పొందుదురు. నా బీడు కాల్చు దినమున నీవు వత్తువు. నీ బీడు కాల్చు దినమున నేను వత్తును. మన యూళ్లలో నాట్లకాలమున ఒకరి మడికి మఱియొకరు బదులు పోవుట యిట్టిదే. మంట కంచెలను లెక్కచేయదు గనుక, పలువురి భూములను కలిపి కొండయో, వాగో, బాటయో సరిహద్దుగా నేర్పఱచుకొన్నచో పనియు తేలిక, అపాయమును తక్కువ. నెబ్రాస్కాలోని లోయెస్ లోయలు అనుచోట సీడరు బాగుగా ముదిరియుండగా, రైతులిట్లు కూడి విశాలమైన భూములను కాల్చి, గడ్డిని మరల తెచ్చుకొనుచున్నారు.

సభ్యుడు త్యాగము కూడ చేయవలెను. కాలుటకు గడ్డి యుండవలెను గనుక బీటిని ముందుగా మేపక విడువవలెను. మంద గల రైతునకు అది చిన్న నష్టము కాదు. ఆ నష్టమును ఓర్చుకొన్న సంవత్సరమున పొరుగువారు నిలువకున్నచో వాని బీడును పోవును, మేతయును పోవును. కనుక దహనసంఘమునకు నీటిబండికంటె మాట నిలుపుకొను సభ్యుడే ముఖ్యమైన పరికరము.

నెల తప్పిన నిప్పు

నిప్పు అన్ని కలుపులకును మందు కాదు. ఆసియాఖండమునుండి 1896వ సంవత్సరమున అమెరికాకు తెచ్చిన సెరీసియా లెస్పెడీజా అను మొక్క యున్నది. నేలకోతను ఆపుననియు, మేత యగుననియు దానిని నాటిరి. దానిలోని వగరుచేత పశువులు ముదిరిన మొక్కను ముట్టవు. అది బీటినంతయు ఆక్రమించును. కాన్సాస్ రాష్ట్రమంతట దానిని 2000వ సంవత్సరమున హానికరమైన కలుపుగా ప్రకటించిరి. అలవాటు చొప్పున ఏప్రిల్ నెలలో కాల్చినచో దాని విత్తనములు మఱింత బాగుగా మొలకెత్తును. అదే నిప్పును ఆగస్టు, సెప్టెంబరు నెలలలో, అది పూతకు వచ్చు సమయమున పెట్టినచో విత్తనము కట్టుట మిక్కిలి తగ్గునని, 2014వ సంవత్సరమున ప్రారంభించి నాలుగేండ్లు చేసిన పరీక్షలలో కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు కనుగొనిరి. బీడు అదే, నిప్పు అదే. నెల మాఱినంతనే ఫలము తలక్రిందులైనది.

కోంజా క్షేత్రమున మఱియొక సంగతి బయలుపడినది. కాలినను మొదటినుండి చిగుర్చు పొదలు ఒకమాఱు నిలద్రొక్కుకొన్నచో, నాలుగేండ్ల కొకమాఱు పెట్టిన నిప్పు వానిని తొలగింపలేదు. సీడరును చంపిన మంట ఈ పొదలకు కొమ్మలు కత్తిరించినట్లే యగును.

అతియు హానియే. ఏటేట బీడంతయు కాల్చినచో, నిలిచియున్న పాతగడ్డిలో గూడు కట్టుకొను ప్రెయిరీ కోడికి చోటుండదు. అందుచే కొందఱు బీటిని మూడు భాగములుగా చేసి, ఏటికొక భాగమునే కాల్చుదురు. పశువులు తమంతట తామే లేతపచ్చిక గల భాగమునకు పోవును. తక్కిన భాగములకు విశ్రాంతి కలుగును. కొన్ని సంవత్సరములలో చెకుముకిరాతి కొండలలో 20 లక్షల ఎకరములకు మించి కాలుచుండుటచేత పొగ కాన్సాస్ సిటీ మొదలగు నగరములపై వ్యాపించి, జనుల ఆరోగ్యమునకు భంగము కలిగెను. అందుచే 2010వ సంవత్సరము డిసెంబరులో పొగ నియమములతో ఒక పథకమును ఏర్పఱచిరి. బీడు రైతుదే గాని గాలి అందఱిది.

మన దేశపు సంగతి

కర్ణాటకములో బిళిగిరి రంగన కొండలున్నవి. అచ్చటి సోలిగలు అను గిరిజనులు పూర్వము వేసవి ముదురకముందే అడవిలోని రాలుటాకులకు చిన్నమంటలు పెట్టుచుండిరి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి, 1974లో ఆ కొండలు అభయారణ్యమైన తరువాత ఆ వాడుక నిలిచిపోయినది. పరిశోధకులు 1997వ సంవత్సరమునను, 2008వ సంవత్సరమునను చూచినప్పుడు లాంటానా, అనగా మనలో కొందఱు పులికంప అనునది, ఉన్న స్థలముల సంఖ్య ఇంచుమించు రెట్టింపయ్యెను. చిన్నమంటలు మానుటయే దీనికి కారణమని సోలిగల పెద్దలు చెప్పుదురు. అయినను దట్టముగా అల్లుకొనిన లాంటానాకు నేడు నిప్పు పెట్టినచో మంట చెట్లతలల కెక్కును. లాంటానా మాత్రము మొదటినుండి మరల చిగుర్చును. ఆలస్యమైన పిమ్మట పాత మందు పనిచేయదు.

మన సర్కారు తుమ్మయు అట్టిదే. 1877వ సంవత్సరమున కడప జిల్లా కమలాపురమున దానిని నాటించినది వంటచెఱకునకై. దాని కాయలను పశువులు తిని, విత్తనములను పేడతో బీళ్లయంతట చల్లినవి. దానిని కాల్చినను, నరికినను మొదటినుండి లేచును. కనుక సీడరును చూచి సర్కారు తుమ్మకు నిప్పు పెట్టినవాడు గడ్డిని పోగొట్టుకొనునే గాని తుమ్మను పోగొట్టలేడు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట నేరము కూడ. వరి కొయ్యలను, చెత్తను కాల్చుటకు ఈ వ్యాసమును సాక్ష్యముగా తీసికొనరాదు. అది బీటి దహనము కాదు, పొలమునకు చేరవలసిన సారమును గాలిపాలు చేయుట.

ఇక మనము గ్రహింపదగినదేమి? శత్రువు చిన్నదిగా నున్నప్పుడే పట్టవలెను. దాని స్వభావము తెలిసి పట్టవలెను. అందఱు కలిసి పట్టవలెను. గ్రామపు ఉమ్మడిబీటిలో సర్కారు తుమ్మ మొలకలు జానెడెత్తున ఉన్నప్పుడు, వానలకు నేల మెత్తబడినపుడు, వేళ్లతో పెఱికివేయుట ఒకనాటి పని. సభ్యులు ఇంటికొకరు చొప్పున సంవత్సరమునకు రెండుదినములు ఇందుకై నియమించుకొన్నచో ఖర్చు లేదు. కాయలు రాలు కాలమున మందలను తుమ్మతోపులనుండి మరల్చుట రెండవపని. వేసవికి ముందు గడ్డివాముల చుట్టును, మేతబీటి చుట్టును గడ్డి చెక్కి నిప్పుబాట వేయుట మూడవపని. ఈ మూడింటిలో దేనికిని అగ్గిపుల్ల అక్కఱలేదు.

చెకుముకిరాతి కొండల రైతులు తరతరములుగా నిప్పుతో కాపాడుకొనినదానిని మనము చేతులతో కాపాడుకొనవచ్చును. వచ్చు సర్వసభ్యసమావేశమున ఈ విషయము కార్యక్రమములో చేర్చి, తొలకరికి ముందే దినములు నిశ్చయించుకొనుట మంచిది.